రోహిణి కార్తెలో పుడితే కోపిష్టి అవుతారా? పుట్టిన కాలం, స్వభావం: అపోహలు - వాస్తవాలు

"రోహిణి కార్తెల పుట్టిండు, గందుకే గంత కోపం." "వానకాలం పిల్ల, మెత్తటి మనసు." హన్మకొండలోనైనా, ములుగులోనైనా పిల్లల గుణం గురించి మాట వస్తే ఇలాంటివి వినిపిస్తూనే ఉంటాయి. పిల్లల మనస్తత్వం, ఎదుగుదలతో రోజూ పనిచేసే మేము ఈ మాటల్ని తేలిగ్గా కొట్టిపారేయం. పుట్టిన కాలం గురించి పరిశోధన నిజంగానే జరిగింది. అందులో తేలిందొకటి, ఇళ్లలో చెప్పుకునేదొకటి.

అపోహ: ఏ కాలంలో పుడితే ఆ గుణం వస్తుందని సైన్స్ తేల్చేసింది.

2014లో బెర్లిన్‌లో జరిగిన ఒక సదస్సులో బుడాపెస్ట్ పరిశోధకులు చెప్పిన ఫలితాలే ఈ ప్రచారానికి ఎక్కువగా ఆధారం. 400 మందికి పైగా పరీక్షిస్తే, వేసవిలో పుట్టినవారిలో మూడ్ తొందరగా మారే ధోరణి ఎక్కువగా, చలికాలంలో పుట్టినవారిలో చిరాకు తక్కువగా కనిపించాయి. అయితే 400 మందిని నాలుగు కాలాలకు పంచితే ఒక్కో కాలానికి వచ్చేది సుమారు వంద మందే. నాలుగు కాలాలు, అయిదు రకాల స్వభావాలు అంటే 20 పోలికలు. నూటికి అయిదు పొరపాట్లను ఒప్పుకునే మామూలు గణాంక పద్ధతిలో 20 పోలికలు చేస్తే, అసలు సంబంధమే లేకున్నా సగటున ఒకటి "ఉంది" అని తేలుతుంది. అందుకే ఇలాంటి వార్త చదివినప్పుడు ఎంతమందిని చూశారు, ఎన్ని పోలికలు చేశారు, మరో చోట మరొకరు చేస్తే అదే ఫలితం వచ్చిందా అన్న మూడూ అడగాలి. వియత్నాం యుద్ధ కాలపు అమెరికా మాజీ సైనికులు 4,000 మందికి పైగా ఉన్న సమాచారాన్ని 2006లో విశ్లేషిస్తే పుట్టిన తేదీకి, వ్యక్తిత్వానికి సంబంధం దొరకలేదు.

గట్టిగా నిలిచింది ఒక జబ్బు విషయంలో. స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, భ్రమలు కలగడం వంటి తీవ్ర మానసిక జబ్బు) ఉన్నవారిలో చలికాలం, వసంతకాలాల్లో పుట్టినవారు అనుకున్నదానికంటే 5 నుంచి 8 శాతం ఎక్కువని 250కి పైగా అధ్యయనాలను సమీక్షించి 1997లో చెప్పారు. అంటే ఆ నెలల్లో 100 మంది పుట్టి ఉంటారనుకుంటే 105 నుంచి 108 మంది తేలారన్నమాట. పెద్ద సంఖ్యలో జనాన్ని లెక్కిస్తేనే కనిపించే ఈ తేడా మీ ఒక్క బిడ్డ గురించి చెప్పగలిగేది ఏమీ లేదు.

అపోహ: విదేశాల్లో దొరికిన సంబంధం ఇక్కడా అంతే.

ఆ అధ్యయనాలు ఎక్కువగా ఉత్తరాది చలి దేశాలవి. అక్కడ పరిశోధకులు అనుమానించే కారణాల్లో వెలుతురు, విటమిన్ డి, గర్భంలో ఉండగా తల్లికి సోకే ఫ్లూ ముఖ్యం. స్వీడన్‌లోని ఉమియోలో డిసెంబరు చివర పగలు దాదాపు నాలుగున్నర గంటలే. జూన్‌లో 20 గంటలు దాటుతుంది. వరంగల్‌లో డిసెంబరు పగలు సుమారు 11 గంటలు, జూన్ పగలు సుమారు 13. రెండు గంటల తేడాకు అక్కడి లెక్కను అతికించడం కుదరదు. మన దగ్గర కాలం మారితే మారేవి ఎండ, వాన, దోమలు, కూలి పని, తిండి. వానకాలంలో పుట్టిన భారతీయ పిల్లల ఎత్తు, బరువు కొలతలు మిగతావారికంటే కాస్త వెనకబడి ఉంటాయని 2012లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. గర్భిణికి మలేరియా వస్తే బిడ్డ బరువు తగ్గుతుంది. ఏజెన్సీ పల్లెల్లో వానకాలం గర్భిణికి దోమతెర, ఐరన్ మాత్రలు అందాయా అన్నది చూడాలి. పుట్టబోయే బిడ్డ గుణం గురించిన ఊహలు అక్కడ ఎందుకూ పనికిరావు.

అపోహ: జాతకం చూస్తే తెలిసిపోతుంది.

ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్, మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దభోల్కర్ తదితరులు పుణెలో దీన్ని పరీక్షించారు. తెలివైన పిల్లలవి, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి కలిపి 200 జాతకాలు. 27 మంది జ్యోతిష్కులు తలా 40 చొప్పున చూసి ఏది ఎవరిదో చెప్పారు. సగటున 46 శాతం సరైనవి. నాణెం ఎగరేసినా 50 వస్తాయి.

అపోహ: పుట్టిన నెలతో పిల్లలకు ఏ తేడా రాదు.

ఇది రెండో కొస, ఇదీ తప్పే. తేడా వచ్చేది బడిలో. ఒకే తరగతిలో ఆరేళ్లు నిండిన బిడ్డ, ఆరేళ్ల పదకొండు నెలల బిడ్డ పక్కపక్కన కూర్చుంటారు. చిన్న బిడ్డ కదలకుండా కూర్చోలేకపోతే "అల్లరి, మొండి" అని పేరు పడుతుంది. బడిలో చేరే వయసుకు సెప్టెంబరు 1 కటాఫ్ ఉన్న అమెరికా రాష్ట్రాల్లో ఆగస్టులో పుట్టినవారు తరగతిలో అందరికంటే చిన్నవాళ్లు, సెప్టెంబరులో పుట్టినవారు పెద్దవాళ్లు. ఆగస్టు పిల్లల్లో పదివేలకు 85 మందికి, సెప్టెంబరు పిల్లల్లో 64 మందికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) అని తేల్చినట్టు 2018లో బయటపడింది. ఈ తేడాకు తరగతిలో చిన్నవాళ్లు కావడమే కారణమని పరిశోధకుల అంచనా.

టీచర్లు హాజరు పట్టీలో వయసును నెలల్లో రాసుకోవాలి: 72 నెలలు, 83 నెలలు అని. ఇక్కడ ఒక చిక్కుంది. బడిలో చేర్చేటప్పుడు అడ్మిషన్ కోసం జూన్ తేదీ ఏదో ఒకటి వేయించిన పిల్లలు మన పల్లెల్లో ఉన్నారు. తల్లిని అడగండి, ఆస్పత్రి కాగితం చూడండి. ఏ పండగ ముందో, ఏ కార్తెలోనో అంటే నెల దొరుకుతుంది. ఇంత చేశాకా అనుమానం మిగిలితే వినికిడి, నిద్ర పరీక్షించాలి. ఆ లక్షణాలు ఆరు నెలలకు పైగా, ఇంట్లోనూ బడిలోనూ ఉంటేనే ఏడీహెచ్‌డీ మాట ఎత్తాలి.

అపోహ: మంచి ఘడియలో సిజేరియన్ చేయిస్తే మంచి గుణం.

మమ్మల్ని అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ముహూర్తం కోసం 37వ వారంలోనే బిడ్డను తీస్తే ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధం కాక ఆయాసంతో ఎన్‌ఐసీయూలో (పసికందుల అత్యవసర చికిత్స విభాగం) పెట్టాల్సిన ప్రమాదం పెరుగుతుంది. స్కాట్లాండ్‌లో 4 లక్షలకు పైగా పిల్లల రికార్డులు చూస్తే, 40 వారాలకు పుట్టినవారికంటే 37 నుంచి 39 వారాల మధ్య పుట్టినవారికి బడిలో ప్రత్యేక సాయం అవసరపడే అవకాశం కాస్త ఎక్కువగా తేలింది. ఏ నక్షత్రం చూసుకున్నా ఆ వారాలు తిరిగి రావు.

లెక్క ఇలా వేయండి. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 273 రోజులకు 39 వారాలు నిండుతాయి, 280కి 40. నెలసరి తేదీ గుర్తులేకపోతే మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ తేదీనే నమ్మాలి. ఎనిమిదో నెల స్కాన్‌తో తేదీ మార్చకూడదు. 39 వారాలు నిండే రోజును ఎంసీపీ కార్డుపై (గర్భిణికి ఇచ్చే తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) ముందే రాసి పెట్టుకోండి. బీపీ, ఉమ్మనీరు తగ్గడం వంటి కారణంతో డాక్టరు ముందే తీయాలంటే ఆలస్యం చేయొద్దు. అలాంటి కారణం లేకుంటే, పంతులును అడిగే తేదీలన్నీ ఆ రోజు తర్వాతవే ఉండాలి.