మాదల్ మోగితే అంతా సంబరమేనా? నేపాలీ సంగీతంపై అపోహలు, వాస్తవాలు

నేను తాళవాద్యాల మనిషిని. ఢోలక్, తబలా వాయిస్తూ ఇల్లు గడుపుకుంటున్నాను. తొమ్మిదేళ్ల కిందట ఒక ప్రోగ్రామ్ కోసం ఖాట్మండు వెళ్లి, అక్కడ మాదల్ అనే నేపాలీ చేతి డోలు చప్పుడు దగ్గర నుంచి విని, వారం రోజులకని వెళ్లినవాణ్ని రెండు నెలలు ఉండిపోయాను. అప్పటి నుంచి వీలున్నప్పుడల్లా వెళ్లి నేర్చుకుంటున్నాను. హైదరాబాద్‌లో ఉన్న నేపాలీ మిత్రులతో కలిసి వాయిస్తున్నాను. మన దగ్గర ఎవరికి ఈ సంగతి చెప్పినా వినిపించే మాటలు మాత్రం దాదాపు ఒక్కటే. అందుకే వాటన్నిటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను.

అపోహ: నేపాలీ పాటలంటే హుషారైన కొండ పాటలు

హుషారు లయలో ఉంటుంది. మాటలు వింటే వేరే సంగతి.

అక్కడి జానపదంలో బాగా వినిపించే లయ ఝ్యాఉరే. ఆరు మాత్రలు, అంటే ఆరు లెక్కల చుట్టు. మొదటి రోజు నేను దాన్ని మన దాద్రా తాళం అనుకుని ధీమాగా వాయించేశాను. గురువుగారు నా మణికట్టు పట్టుకుని ఆపి, "లేచి నాలుగడుగులు నడువు" అన్నారు. నడిచాను. "ఇప్పుడు డోకో మోస్తూ ఎత్తు ఎక్కుతున్నట్టు నడువు" అన్నారు. డోకో అంటే నుదుటికి పట్టీ వేసుకుని వీపు మీద మోసే వెదురు బుట్ట. ఒంగి, కాలు ఆచితూచి వేస్తూ నడిచేసరికి దెబ్బ ఎక్కడ పడాలో ఒంటికి తెలిసింది. లెక్క అదే ఆరు, ఒత్తు పడే చోటు వేరు. ఆ తర్వాత నా చేతిలో ఝ్యాఉరే దాద్రాలా మోగలేదు.

ఈ లయలో పాడే పాటల్లో సగం ఊరు విడిచి వెళ్లినవాళ్ల గురించే. నేపాలీలో 'లాహురే' అని ఒక మాట ఉంది. ఒకప్పుడు రంజిత్ సింగ్ సైన్యంలో చేరడానికి లాహోర్ వెళ్లినవాళ్లకు వచ్చిన పేరు అది. తర్వాత బ్రిటిష్, ఇండియన్ పటాలాల్లో చేరిన గూర్ఖాలకూ, చివరికి పరాయి దేశం వెళ్లిన ఎవరికైనా అదే పేరైంది. ఝలక్‌మాన్ గంధర్వ పాడిన 'ఆమాలే సోధ్లిన్ నీ' వినండి. యుద్ధంలో ప్రాణం పోతున్న సైనికుడు తోటివాళ్లకు చెబుతున్న కబురు అది. అమ్మ అడిగితే ఇలా చెప్పండి, నాన్న అడిగితే ఇలా చెప్పండి అని ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో మాట పంపుతాడు. అన్న అడిగితే "నీ వాటా పెరిగింది" అని చెప్పమంటాడు. తమ్ముడు లేడని ఇంతకంటే సూటిగా చెప్పిన మాట నేనెక్కడా వినలేదు. పాట అంతా ఒకే గొంతు, పక్కన సారంగీ అనే కమాను వాయిద్యం. ఏడుపు రాగం తీయడు, మామూలుగా కబురు చెప్పినట్టే పాడతాడు.

జగిత్యాల, నిజామాబాద్ వైపు దుబాయ్ పాటలు విని పెరిగినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఇప్పుడు నేపాల్ కుర్రాళ్లు వెళ్తున్నదీ ఆ గల్ఫ్‌కే.

అపోహ: 'రేశమ్ ఫిరిరీ' ఎప్పటిదో, ఎవరు కట్టారో తెలియని పాట

ట్రెక్కింగ్‌కు వెళ్లొచ్చిన ప్రతి ఒక్కరికీ వచ్చే నేపాలీ పాట ఇదొక్కటే. దీనికి మనిషీ ఉన్నాడు, ఏడాదీ ఉంది. పోఖరాకు చెందిన బుద్ధి పరియార్ కట్టగా, సుందర్ శ్రేష్ఠ, ద్వారికాలాల్ జోషి గొంతుల్లో 1969లో రేడియో నేపాల్‌లో రికార్డయింది. పట్టుగుడ్డ గాలికి రెపరెపలాడటం అనేది పల్లవి. తుపాకీ గురి పెట్టింది జింకకు కాదు, ప్రేమించిన మనిషికి అనేది లోపలి మాట.

నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది 'పరియార్' అనే ఇంటిపేరు. అది దమాయీలది. కుట్టుపని, వాయిద్యం వాళ్ల కులవృత్తులు. పెళ్లికి పంచే బాజా, అంటే ఐదు వాయిద్యాల మేళం, లేకపోతే శుభం కాదంటారు. సహనాయి, దమాహా, ఢోలకీ, ట్యామ్కో, ఝ్యాలీ, వాటితో పాటు కొమ్ము బూర. అది ఊదేవాణ్ని, కొట్టేవాణ్ని మాత్రం తరతరాలు గడప బయటే నిలబెట్టారు. డప్పు లేనిదే పండగ చేసుకోని మన ఊళ్లు డప్పు కొట్టేవాళ్లను ఎక్కడ ఉంచాయో మనకు తెలుసు కాబట్టి, అక్కడి పెళ్లి ఊరేగింపు చూస్తున్నప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. బాధ మాత్రం కొత్తగానే వేసింది.

అపోహ: సారంగీ ఎక్కడైనా సారంగీయే

పేరు ఒకటే. హిందుస్తానీ సారంగీకి మూడు ప్రధాన తీగలు, వాటి కింద అనుకరణగా మోగే తరఫ్ తీగలు ముప్పైకి పైగా ఉంటాయి. నేపాలీ సారంగీకి మొత్తం నాలుగే తీగలు. ఒకే మొద్దును తొలిచి చేస్తారు. కింది బొజ్జను మేక తోలుతో మూస్తారు, పైభాగం తెరిచే ఉంటుంది. భుజాన వేసుకుని ఊరూరా తిరగడానికి తగ్గంత చిన్నది. తీగల్ని వేళ్లతో పైనుంచి నొక్కరు, గోరును తీగ పక్కకు ఆనించి జరుపుతారు. మా గురువుగారి స్నేహితుడొకాయన ఎడమ చేయి చూపించారు. గోళ్ల మీద నిలువునా గాడి పడి ఉంది, గోరు మొదట్లో చర్మం కాయ కాసి గట్టిపడింది. నన్ను పట్టుకోమంటే పట్టుకున్నాను. పది నిమిషాలకే గోరు కింద మంట పుట్టి వదిలేశాను. ఆయన నవ్వి, ఏడేళ్ల వయసు నుంచి ఇదే పని అన్నారు.

దీన్ని వాయించేవాళ్లు గంధర్వులు. పాత పేరు గాయినే. రాజుల యుద్ధాలు, కరువులు, ఊళ్లలో జరిగిన ఘోరాలు 'కర్ఖా' అనే కథాగానాలుగా కట్టి ఇంటింటికీ వెళ్లి పాడేవారు. రేడియో లేని కాలంలో కొండ ఊళ్లకు వార్త చేరింది ఇలాగే. మన బుర్రకథ, శారద కథ చెప్పేవాళ్లలాగా పాడినందుకు గింజలు తీసుకునేవారు. పోఖరా దగ్గర బటులేచౌర్ గంధర్వుల ఊరని పేరు. ఝలక్‌మాన్‌ది ఆ ఊరే. ఇంకో సంగతి, సారంగీకి తోడు ఆర్బాజో అని మీటే వాయిద్యం ఒకటి ఉండేది. ఆర్బాజో మగ, సారంగీ ఆడ అనుకునేవారు. మగ వాయిద్యం దాదాపు కనుమరుగైంది. పర్యాటకుల కోసం ఖాట్మండు థమేల్ వీధుల్లో చిన్న సారంగీలు అమ్ముతూ తిరిగే మనిషిని చూస్తే బేరం ఆడేముందు ఒక పాట పాడమని అడగండి. చాలామందికి కర్ఖాలు ఇంకా నోటికి వచ్చు.

అపోహ: నేపాలీ సినిమా పాటలు, ఆధునిక పాటలు హిందీకి కాపీ

కాపీలు లేవని అనను, ఉన్నాయి. కానీ బాకీ రెండు వైపులా ఉంది. హిందీ సినిమా పాటల్లో మాదల్ మోత ఎంతగానో వినిపించిందంటే దానికి కారణం డార్జిలింగ్ నుంచి వచ్చి ఆర్.డి. బర్మన్ దగ్గర వాయించిన రంజిత్ గజ్మేర్.

ఇక ఆధునిక గీతం దగ్గరికి వస్తే నారాయణ గోపాల్ ఒక్కడు చాలు. 1939లో ఖాట్మండులో నేవార్ జాతి వాళ్ల ఇంట్లో పుట్టాడు, 1990లో 51 ఏళ్లకే పోయాడు. స్వర సామ్రాట్ అంటారు. 'కేహీ మీఠో బాత్ గర' అని ఆయన మొదలుపెడితే ఎదుట కూర్చున్న ఒక్కరితో మాట్లాడుతున్నట్టుంటుంది. గొంతు పెంచడు. పదం చివర్ని వదిలేసే తీరులోనే అంతా ఉంటుంది. ఆయన పాటకు మాదల్ పట్టాలంటే నాకు ఇప్పటికీ టెన్షనే. ఎక్కువ వాయిస్తే పాట చెడిపోతుంది. స్వరకర్త గోపాల్ యోంజన్, నారాయణ గోపాల్ ఇద్దరూ 'మీత్' కట్టుకున్నారు. మీత్ అంటే పద్ధతి ప్రకారం చేసుకునే స్నేహబంధం, అన్నదమ్ముల వరసతో సమానం. ఆ స్నేహంలోంచి వచ్చిన పాటలు వేరు చేసి చెప్పగలిగేంత బాగుంటాయి. తారాదేవి పాడిన 'ఉకాలీ ఓరాలీ హరుమా' కూడా ఈ వరసలోనే వినాలి. ఎక్కే దారుల్లో, దిగే దారుల్లో అని పల్లవి అర్థం.

అపోహ: నేపాలీ పాట నేపాల్ దేశంలోనే పుట్టింది

గోపాల్ యోంజన్ డార్జిలింగ్ మనిషి. గాయని అరుణా లామాదీ డార్జిలింగే. హీరాదేవి వైబా పాడిన తామాంగ్ సేలో (తామాంగ్ తెగ జానపదం) పాటలు కర్సియాంగ్ టీ తోటల వైపు నుంచి వచ్చినవి. 2007లో నేపాల్ తీసుకున్న కొత్త జాతీయ గీతం 'సయౌఁ థుంగా ఫూల్‌కా'కు బాణీ కట్టిన అంబర్ గురుంగ్ పుట్టింది కూడా డార్జిలింగ్‌లోనే. టీ తోటల్లో కూలికి వెళ్లినవాళ్ల పిల్లలు, మనవలు పాటను మళ్లీ కొండ దాటించి ఖాట్మండుకు తెచ్చారు.

అపోహ: భాష ఒక్కటే, పాటా ఒక్కటే

2021 జనాభా లెక్కల్లో అక్కడ 124 మాతృభాషలు నమోదయ్యాయి. మనకు తెలుగు పాటలతో పరిచయమైన ఉదిత్ నారాయణ్ రేడియో నేపాల్‌లో మొదట పాడినవి మైథిలీ జానపదాలు. పడమటి కొసన ఉన్న జిల్లాల్లో దేఉడా అనే ఆటపాట ఒకటుంది. చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడతారు. అందులో నాలాంటివాడికి పని లేదు. అడుగుల చప్పుడే తాళం.

ఖాట్మండు లోయలో నేవార్ల పాటలు మరో ప్రపంచం. వాళ్ల భాష నేపాల్ భాష, నేపాలీకి చుట్టం కాదు. గుళ్ల దగ్గర సాయంత్రాలు కూర్చుని పాడే దాఫా భజనలు మల్ల రాజుల కాలం నుంచి నడుస్తున్నాయి. 'సితలా మాజు' అనే పాట 19వ శతాబ్దం మొదట్లోది. రాజకుమారుడికి మశూచి సోకకూడదని రాజు రణబహాదుర్ షా ఊళ్లోని పిల్లల్ని వెళ్లగొట్టించాడు. జబ్బు పడిన బిడ్డల్ని ఎత్తుకుని తల్లిదండ్రులు నడిచిన దారి ఆ పాటలో ఉంది. సితలా మాజు అంటే మశూచి తల్లి. మన అమ్మవారి పాటలు విన్న చెవితో వింటే భాష రాకపోయినా గుండె బరువెక్కుతుంది.

ఇంకో పాట 'జి వయా లా లఛి మదుని'. కొత్త కోడలిగా వచ్చి నెలయినా కాలేదు, అప్పుడే మొగుడు వ్యాపారానికి టిబెట్‌లోని ల్హాసా వెళ్తానంటున్నాడు, ఆపండి అని ఆమె మొర. కవి లక్ష్మీప్రసాద్ దేవ్‌కోటా 1936లో రాసిన 'మునా మదన్' కావ్యానికి మూలం ఈ పాటే. ఆయన దాన్ని సంస్కృత వృత్తాల్లో కాకుండా, పండితులు మోటు అని పక్కన పెట్టిన ఝ్యాఉరేలో రాశాడు. నేను డోకో మోస్తున్నట్టు నడిచి నేర్చుకున్న లయ అది. ఆ కావ్యంలో మదన్ కూడా డబ్బు కోసం ల్హాసాకే వెళ్తాడు.

అపోహ: దోహోరీ అంటే బార్లలో పాడే పాట

1996 నుంచి 2006 దాకా అంతర్యుద్ధం నడిచినప్పుడు ఊళ్లొదిలి ఖాట్మండు చేరిన యువత వల్ల దోహోరీ రెస్టారెంట్లు పెరిగిన మాట నిజం. అక్కడ పాడే ఆడపిల్లల్ని లోకం చులకనగా చూసిన మాటా నిజమే. కానీ దోహోరీ పుట్టింది ఊళ్లో, పొలాల్లో, జాతరల్లో, గురుంగ్ తెగ కుర్రకారు రాత్రిళ్లు చేరి పాడుకునే రోధీ ఇళ్లలో. ఆడ జట్టు, మగ జట్టు ఎదురెదురుగా కూర్చుని అప్పటికప్పుడు కట్టి పాడుకునే ప్రశ్న, జవాబు. రాత్రంతా సాగి, ఓడినవాళ్లు పెళ్లి చేసుకోవాల్సిందేనని పందేలు కాసిన కథలు ఇప్పటికీ చెబుతారు.

కిటుకు ఇది. జంట పాదాల్లో మొదటిదానికి విషయంతో సంబంధం ఉండనక్కర్లేదు. ప్రాస కోసం, ఆలోచించుకునే సమయం కోసం వేస్తారు. అసలు మాట రెండో పాదంలో దిగుతుంది. తెలుగులో ఆ పద్ధతి తెలియడానికి నేను కట్టిన ముక్క:

చెరువుగట్టు తాటిచెట్టు గాలికూగింది,
నీ ఫోనుకోసం నా ప్రాణం ఇక్కడాగింది.

మొదటి పాదాన్ని జట్టంతా మళ్లీ మళ్లీ పాడుతుంటే ఆ సందులో నాయకురాలు రెండోది అల్లుకుంటుంది. రెండేళ్ల కిందట తిహార్ (నేపాలీల దీపావళి) రాత్రి హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాయించాను. వాచ్‌మెన్లు, హోటళ్లలో వంట చేసేవాళ్లు, వాళ్ల కుటుంబాలు, అంతా కలిపి ముప్పై మంది. ఒక కుర్రాడు మంచి గొంతుతో రెచ్చగొడుతున్నాడు. ఎదురుగా నలభై దాటిన ఒక అక్క, ఒళ్లో నిద్రపోతున్న మనవరాలు. పాప లేవకుండా ఒక చెయ్యి దాని వీపు మీద పెట్టి, రెండో చేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ జవాబు వదిలింది. సెల్లార్ అంతా గోల. అర్థం ఏమిటని పక్కతన్ని అడిగాను. "నువ్వు పంపుతానన్న డబ్బుకు దారిలోనే వయసైపోయినట్టుంది, నాలాగే" అందట. ఆమె భర్త ఖతర్‌లో ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ రాత్రి రెండు గంటలు దాటాక కూడా నేను మాదల్ కింద పెట్టలేదు.

అపోహ: నేపాల్ సంగీతం అంటే బౌద్ధ మంత్రాలు, గిన్నెల మోత

కర్రతో తాకిస్తే మోగే ఆ లోహపు గిన్నెలు అంగట్లో బాగా అమ్ముడవుతాయి. వాటితో పాట కట్టే ఊరు నేను తిరిగినంతలో ఒక్కటీ తగల్లేదు. బౌద్ధ గానం మాత్రం నిజంగానే గొప్పది. బౌద్ధ సన్యాసిని ఆనీ ఛోయింగ్ డ్రోల్మా మంత్రాలూ పాడింది, 'ఫూల్‌కో ఆంఖామా' లాంటి మామూలు నేపాలీ పాటా పాడింది. దుర్గాలాల్ శ్రేష్ఠ రాసిన ఆ పాట నేపాల్‌లో పిల్లలకు కూడా నోటికొచ్చు.

అపోహ: ఇప్పటి కుర్రాళ్లు గిటార్ పట్టుకుని పాతది మరిచిపోయారు

'నేపథ్య' అనే బ్యాండ్ గాయకుడు అమృత్ గురుంగ్ ఊళ్లు నడిచి పాటలు పోగుచేసి రాక్‌లో వాయించాడు. కుటుంబ అనే బృందం 2004 నుంచి గిటార్ లేకుండానే, సారంగీ, మాదల్, బాంసురీలతో హాళ్లు నింపుతోంది. నైట్ అనే బ్యాండ్ మెటల్‌తో మొదలై, జనం మరిచిపోతున్న వాయిద్యాల వైపు మళ్లింది. కాలింపాంగ్ మనిషి బిపుల్ ఛెత్రీ 'వైల్డ్‌ఫైర్' గిటార్ మీదే ఉంటుంది, కానీ కింద నడిచే లయ విన్న వెంటనే నా వేళ్లు మాదల్ వెతుక్కున్నాయి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు నా వరస: ముందు కుటుంబ, తర్వాత తారాదేవి, నారాయణ గోపాల్, ఆ తర్వాత బిపుల్ ఛెత్రీ. ఝలక్‌మాన్ పాటను మాత్రం ఒక్కరే ఉన్నప్పుడు వినండి. మీ అపార్ట్‌మెంట్లో, వీధి చివర హోటల్లో నేపాలీవాళ్లు ఎవరైనా ఉంటే నారాయణ గోపాల్ పాటల్లో ఏది ఇష్టమో అడగండి. నేను అడిగిన ప్రతిసారీ వాళ్లు ఫోన్ తీసి, నాకు తెలియని పాట ఒకటి వినిపించారు.