మాంద్యంలో గ్రాంట్లు: ఐదు శాతం లెక్క వెనుక కథ

ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడల్లా దాతృత్వ ఫౌండేషన్లకు ఒకే చిక్కు ఎదురవుతుంది. సాయం కోసం వచ్చేవారు పెరిగే రోజుల్లోనే సాయానికి ఆధారమైన మూలనిధి తరిగిపోతుంది. ఇది తప్పనిసరి అన్నట్టుగా మాట్లాడటం అందరికీ అలవాటైంది. అమెరికాలోని పెద్ద ఫౌండేషన్ల వందేళ్ల చరిత్రను తిరగేస్తే మాత్రం ఈ చిక్కులో మార్కెట్ వాటా ఎంతో, ట్రస్టీలూ శాసనకర్తలూ చేసిన నిర్ణయాల వాటా కూడా దాదాపు అంతే కనిపిస్తుంది.

రస్సెల్ సేజ్ ఫౌండేషన్ 1907లో, కార్నెగీ కార్పొరేషన్ 1911లో, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 1913లో ఏర్పడ్డాయి. అసలును కదిలించకుండా రాబడితోనే దానధర్మాలు నడిపించడం ఇలాంటి సంస్థల్లో క్రమంగా ఆనవాయితీ అయింది. దీన్ని బాహాటంగా కాదన్న దాత జూలియస్ రోజెన్‌వాల్డ్. సియర్స్ రోబక్ వ్యాపార సంస్థతో సంపన్నుడైన ఆయన, తన మరణం తర్వాత 25 ఏళ్లలోపు నిధి మొత్తం ఖర్చయిపోవాలని షరతు పెట్టారు. ఏ తరం అవసరాలను ఆ తరమే చూసుకుంటుందని ఆయన నమ్మకం. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల కోసం సుమారు 5,000 బడులు ఆ నిధి తోడ్పాటుతో వెలిశాయి. వాటికోసం స్థానిక నల్లజాతి కుటుంబాలు కూడా చందాలు పోగుచేశాయి, భూమి ఇచ్చాయి, ఒళ్లు వంచి పనిచేశాయి.

అయితే ఆ నిధి ఆస్తిలో సింహభాగం సియర్స్ షేర్లే. 1929లో మార్కెట్ కూలడం మొదలై, 1932 నాటికి షేరు ధర పూర్వపు గరిష్ఠ స్థాయిలో పదోవంతు కంటే కిందికి జారింది. ధర బాగున్న రోజుల్లో ఇస్తామన్న మొత్తాలేమో డాలర్లలో రాసి ఉన్నాయి. అవి తగ్గవు. నిధి దగ్గరున్న ఆస్తి కన్నా ఇచ్చిన మాటల బరువే ఎక్కువైంది. చివరికి సాటి దాతృత్వ సంస్థల సాయంతో గట్టెక్కాల్సి వచ్చింది. బడుల నిర్మాణం 1932తో ఆగిపోయింది. రోజెన్‌వాల్డ్ కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. షరతు ప్రకారం నిధి 1948లో మూతపడింది. నిధిని ఖర్చుచేసి ముగించాలన్న ఆయన సిద్ధాంతాన్ని తప్పుపట్టడానికి కొందరు ఈ ఉదంతాన్ని వాడుకుంటారు. నిజానికి దెబ్బకొట్టింది ఆ సిద్ధాంతం కాదు, ఒకే కంపెనీ షేర్లను నమ్ముకోవడం.

ఆ పాఠాన్ని ఫోర్డ్ ఫౌండేషన్ నేర్చుకుంది. 1956లో ఫోర్డ్ మోటార్ షేర్లను మొదటిసారి ప్రజలకు అమ్మడం మొదలుపెట్టి, 1974 నాటికి పూర్తిగా వదిలించుకుంది. సరిగ్గా ఆ సమయానికే మార్కెట్ మొత్తం కుప్పకూలింది. దానికి ద్రవ్యోల్బణం తోడైంది. అప్పటికే ఏళ్ల తరబడి రాబడిని మించి ఖర్చుపెట్టిన ఫౌండేషన్ ఆస్తి, 1960ల నాటి శిఖరంతో పోలిస్తే సగానికి పైగా కరిగిపోయింది. గ్రాంట్ల బడ్జెట్టును దాదాపు సగానికి కోసేశారు, సిబ్బందినీ భారీగా తగ్గించారు. ఆస్తిని రకరకాల పెట్టుబడుల్లోకి మార్చుకున్నా మాంద్యం ఎవరినీ వదలదని తేలింది.

ఈలోగా ప్రభుత్వం రంగంలోకి దిగింది. పన్ను మినహాయింపు పొందుతూ డబ్బు పోగేసుకుంటున్నారని 1960ల్లో ఫౌండేషన్లపై అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో సభ్యుడు రైట్ ప్యాట్‌మన్ విచారణలు నడిపారు. ఫలితంగా 1969 పన్ను సంస్కరణ చట్టం ప్రతి ప్రైవేటు ఫౌండేషన్ ఏటా కనీసం ఇంత పంచి తీరాలని నిర్దేశించింది. ఆ శాతాన్ని 1976లో 5గా స్థిరపరిచారు. అప్పటికి ఇంకో షరతు కూడా ఉండేది: వచ్చిన రాబడి 5 శాతాన్ని మించితే దాన్నంతా పంచాలి. వడ్డీ రేట్లు మండిపోతున్న ఆ దశాబ్దంలో అలా పంచుకుంటూ పోతే మూలనిధి విలువే హరించుకుపోతుందని ఫౌండేషన్లు మొరపెట్టుకోవడంతో 1981లో ఆ షరతును ఎత్తేశారు. మిగిలింది కేవలం 5 శాతం. చట్టం దాన్ని నేలగా వేసింది, చాలా ఫౌండేషన్లు దాన్నే పైకప్పుగా చేసుకున్నాయి.

మాంద్యంలో ఈ లెక్క ఎలా పనిచేస్తుందో గమనించాలి. ఈ ఏడాది ఆస్తుల సగటు విలువపై 5 శాతం లెక్కగట్టి, దాన్ని వచ్చే ఏడాది చివరిలోగా పంచవచ్చు. సహేతుకమైన నిర్వహణ ఖర్చులూ ఆ 5 శాతంలోకే వస్తాయి. అదనంగా ఇచ్చిన సొమ్మును రాబోయే ఐదేళ్ల లెక్కలో సర్దుకోవచ్చు. దీనికితోడు చాలా సంస్థలు మూడేళ్ల సగటు చూసి బడ్జెట్టు వేసుకుంటాయి. అందుకే మార్కెట్ పడిన ఏడాది గ్రాంట్లు నిలకడగా కనిపిస్తాయి. దెబ్బ ఆ తర్వాత తగులుతుంది. అప్పటికి ఉద్యోగాలు పోయినవారి పొదుపు కూడా అయిపోయి ఉంటుంది. పైగా కొన్నేళ్లపాటు ఇస్తామని ముందే ఒప్పుకున్న గ్రాంట్లు బడ్జెట్టులో పెద్ద భాగాన్ని ఆక్రమిస్తాయి. కోత మొత్తం కొత్త దరఖాస్తుల మీద పడుతుంది. పాత పరిచయాలున్న సంస్థ బతికి, నిన్న మొన్న పుట్టిన సంస్థ ఆగిపోవడానికి ఇదొక కారణం. ఎవరూ కావాలని చేసిన అన్యాయం కాకపోయినా అన్యాయమే.

2008లో అమెరికా ప్రధాన షేరు సూచీ 38 శాతం మేర పడిపోయింది. పెట్టుబడుల పేరుతో బెర్నార్డ్ మేడాఫ్ నడిపిన మోసం బయటపడటంతో, ఆ సొమ్ముపై ఆధారపడిన పికోవర్, జెట్ ఫౌండేషన్లు ఏకంగా మూతపడ్డాయి. ఆ ఏడాది తమ ఫౌండేషన్ ఆస్తి దాదాపు 20 శాతం తగ్గిందని 2009 జనవరిలో బిల్ గేట్స్ ప్రకటించారు. అయినా 2009లో ఖర్చును 330 కోట్ల డాలర్ల నుంచి 380 కోట్లకు పెంచుతామన్నారు. అది ఆస్తిలో దాదాపు 7 శాతం. తలచుకుంటే నేల మీద నుంచి లేవవచ్చని దీంతో రుజువైంది. విత్తనాలకు దాచిన గింజలను కరువులో తీయాలా వద్దా అన్న వాదన మాత్రం తెగలేదు.

2020లో కోవిడ్ సంక్షోభం వచ్చినప్పుడు ఫోర్డ్ ఫౌండేషన్ మూడో దారి పట్టింది. ఆ జూన్‌లో 30, 50 ఏళ్ల బాండ్లతో 100 కోట్ల డాలర్లు అప్పు తెచ్చి గ్రాంట్లు పెంచింది. మెకార్థర్, కెలాగ్ వంటి మరికొన్ని ఫౌండేషన్లూ చెల్లింపులు పెంచుతామని దాంతోపాటే ప్రకటించాయి. వందలాది ఫౌండేషన్లు గ్రాంట్లపై పెట్టిన షరతులు సడలిస్తామని మాటిచ్చాయి. అద్దె, జీతాలకు వాడుకోవడానికి వీల్లేని డబ్బు కష్టకాలంలో సంస్థల్ని నిలబెట్టలేదు కాబట్టి, బాండ్ల కన్నా ఈ సడలింపే చాలామందికి ఎక్కువగా అక్కరకు వచ్చిందని నా అభిప్రాయం.

ఇక బాండ్ల మాట. వడ్డీ చవక, పడిన ధరకు షేర్లు అమ్ముకునే అవసరం తప్పింది, లెక్క ప్రకారం తెలివైన పనే. కానీ 50 ఏళ్ల అప్పు చేయడమంటే మరో 50 ఏళ్లు ఉంటామన్న నిశ్చయం చెప్పకనే చెప్పడం. అత్యవసర సాయంలోనూ శాశ్వతత్వాన్ని వదులుకోలేదన్నమాట. మూడేళ్లపాటు కనీస చెల్లింపును 10 శాతానికి పెంచాలని అదే ఏడాది కొందరు సంపన్న దాతలే కాంగ్రెస్‌ను కోరారు. ఆ ప్రతిపాదన చట్టం కాలేదు. ఆగస్టుకల్లా షేరు సూచీ ఫిబ్రవరి నాటి రికార్డును దాటేసింది, ఒత్తిడీ చల్లారింది.