ప్రవక్తను ఎగతాళి చేస్తే ఊరుకోవాలా అని అడిగిన పిల్లలకు

పిల్లలూ, అస్సలాము అలైకుమ్.

మీ ప్రశ్న మీద ముస్లింలే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఆ వాదన మీకు తెలియాలి.

2005 సెప్టెంబర్ 30న డెన్మార్క్‌లో ఒక పత్రిక ప్రవక్త ముహమ్మద్ (స – ఆయనకు శాంతి కలుగుగాక) మీద 12 కార్టూన్లు వేసింది. చాలామందికి మనసు కలుక్కుమంది. కొందరు శాంతియుతంగా ఊరేగారు, కొందరు డెన్మార్క్ వెన్న, చీజ్ కొనడం మానేశారు. డమాస్కస్, బీరూట్‌లలో మాత్రం రాయబార కార్యాలయాలకు నిప్పు పెట్టారు.

డెన్మార్క్ ఇమాములు కొందరు ఆ బొమ్మలతో ఒక ఫైలు తయారుచేసి అరబ్బు దేశాలకు పట్టుకెళ్లారు. అందులో పత్రికలో రాని బొమ్మలు కూడా ఉన్నాయి! వాళ్ల తరఫున మాట్లాడిన అహ్మద్ అక్కారీ 2013లో తాను చేసింది తప్పని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఒక కార్టూనిస్టును కలిసి క్షమాపణ కూడా చెప్పాడు. కోపం చల్లారాక అలా ముందుకు రావడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

శిక్ష పడాల్సిందే అనేవాళ్లు ప్రవక్త (స) మదీనా నగరంలో ఉన్న కాలపు సంఘటనలు చూపిస్తారు. శిక్ష వేయడం పాలకుల పని, దారిన పోయేవాడు చట్టాన్ని చేతిలోకి తీసుకోకూడదని ఎందరో పండితులు బదులిస్తారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఖురాన్‌లోని అన్నిసా సూరా (అధ్యాయం) 140వ ఆయత్ (వాక్యం). అల్లాహ్ వాక్యాలను ఎవరైనా ఎగతాళి చేస్తుంటే, వాళ్లు వేరే మాటలోకి వెళ్లేదాకా వాళ్లతో కూర్చోవద్దని అందులో ఉంది. ఆ 'దాకా' చూడండి. లేచి రమ్మంది కానీ, మళ్లీ ఎప్పుడూ కలవొద్దనలేదు.

పారిస్ పెద్ద మసీదు వాళ్లు కోర్టు మెట్లెక్కారు. ఆ బొమ్మల్ని మళ్లీ వేసిన ఫ్రెంచి వ్యంగ్య పత్రిక చార్లీ ఎబ్దో మీద కేసు పెట్టారు. 2007 మార్చిలో కోర్టు పత్రికను నిర్దోషిగా తేల్చింది. కేసు పోయినా, బాధను చట్టం ముందు చెప్పుకున్న ఆ పద్ధతి నాకు నచ్చింది.

2015 జనవరి 7న అదే పత్రిక ఆఫీసులో తుపాకులు పేలాయి. ప్రవక్త (స) తరఫున పగ తీర్చుకున్నామని అరిచిన ఆ హంతకులే వీధిలో అహ్మద్ మెరాబె అనే పోలీసును కాల్చి చంపారు. ఆయనా ముస్లిమే. ఆఫీసులో చనిపోయినవాళ్లలో అల్జీరియాలో పుట్టిన ముస్తఫా ఉర్రాద్ ఉన్నాడు. పత్రికలో అచ్చుతప్పులు దిద్దడం ఆయన పని. తర్వాత 'నేనే చార్లీ' అనే నినాదం వచ్చింది. హత్యలను ఖండిస్తూనే ఆ నినాదం తాము పలకలేమన్న ముస్లింలు చాలామంది. ఆ బొమ్మలు తప్పు, ఆ హత్యలు ఘోరం అని రెండూ కలిపి చెప్పినవాళ్లు. నేనూ వాళ్లవైపే.