బిగించింది వెనక, బరువు పెరిగింది ముందు: ట్రైలర్ హిచ్‌లో దాగిన బలభ్రామకం

డాలస్‌లో ఉంటున్న పాఠకుడొకరు చక్కటి ప్రశ్న పంపారు. పికప్ ట్రక్కుకు ట్రావెల్ ట్రైలర్ (వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) తగిలించగానే ట్రక్కు వెనక భాగం కుంగి, ముందు భాగం లేస్తోంది. ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే అమరికే హిచ్. అందులో బరువును ఇరుసులన్నిటికీ పంచే రకం వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. దానిలోని రెండు స్ప్రింగ్ బార్లను, అంటే స్ప్రింగులా వంగే ఉక్కు కడ్డీలను, గొలుసులతో బిగిస్తే ముందు భాగం మళ్లీ దిగుతోంది. ఒక్క కిలో సామాను కూడా జరపలేదు. మరి బరువు ముందు చక్రాల మీదికి ఎలా వెళ్లింది?

హిచ్ రకాలూ ధరలూ దుకాణంలో చెబుతారు, వాటిని వదిలేస్తాను. నన్ను పట్టుకున్నది ఈ ప్రశ్నలోని బలభ్రామకం, అంటే బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చే తిప్పుడు ప్రభావం. బడిలో దాన్ని ఊగుడుబల్ల బొమ్మ గీసి, రెండు లెక్కలు చేయించి ముగిస్తారు. పిల్లల చేత ఈ హిచ్ లెక్క చేయిస్తే ఆ పాఠాన్ని జన్మలో మరచిపోరు!

ట్రక్కు వెనక ఉండే ఇనుప గుండును బాల్ అంటారు, ట్రైలర్ ముందు కొస దాని మీదే కూర్చుంటుంది. ట్రైలర్ బరువు 2500 కిలోలు, బాల్ మీద పడే భారం 300 కిలోలు అనుకుందాం. ట్రక్కు రెండు ఇరుసుల మధ్య దూరం 3.6 మీటర్లు. బాల్ వెనక ఇరుసుకు 1.5 మీటర్లు అవతల ఉంది. 300ను 1.5తో గుణించి 3.6తో భాగిస్తే 125. అంటే ముందు ఇరుసు మీద 125 కిలోలు తగ్గుతాయి. వెనక ఇరుసు మీద పెరిగేది 300 కాదు, 425! స్టీరింగ్ తేలికవడానికీ, బ్రేకు వేసినప్పుడు ముందు టైర్ల పట్టు తగ్గడానికీ, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడడానికీ కారణం ఇదే.

బాల్ ఒక కీలు. కీలు భారాన్ని మోస్తుంది కానీ పైకీ కిందికీ వంగకుండా ఆపలేదు. ఆ పని బార్లది. వాటి మొదళ్లు ట్రక్కుకు బిగిసిన హిచ్ హెడ్‌లో, అంటే బాల్‌ను మోసే ఇనుప దిమ్మలో, ఉంటాయి, కొసలను గొలుసులు ట్రైలర్ ఫ్రేమ్ వైపు పైకి లాగుతాయి. గొలుసులు బాల్‌కు 0.75 మీటర్ల వెనక ఉన్నాయనీ, రెండూ కలిసి 450 కిలోల బలంతో లాగుతున్నాయనీ అనుకుందాం. ట్రైలర్ ఇరుసులు బాల్‌కు 4.5 మీటర్ల దూరంలో ఉంటే, వాటి మీద 75 కిలోలు పెరుగుతాయి. ట్రక్కు మీద మిగిలే నికర భారం 225 కిలోలు. అది ట్రక్కు ముందు భాగాన్ని ఎంత పైకి తిప్పాలని చూస్తుందో, బార్లు సరిగ్గా అంతే కిందికి తిప్పుతాయి. 225ను 1.5తో గుణించినా, 450ని 0.75తో గుణించినా 337.5 వస్తుంది. ముందు ఇరుసు తాను కోల్పోయిన 125 కిలోలనూ తిరిగి పొందింది. 300 కిలోలలో 225 ట్రక్కు వెనక ఇరుసుకూ, 75 ట్రైలర్ ఇరుసులకూ దక్కాయి.

నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. ఇంత జరిగినా బాల్ మీది ఒత్తిడి తగ్గదు, 300 నుంచి 675కు పెరుగుతుంది. అందులో 450ని బార్లు పైకి మోస్తున్నాయి కాబట్టే నికరం 225. బాల్‌కూ హిచ్ హెడ్‌కూ నాణ్యత ఎందుకు అవసరమో ఈ ఒక్క అంకె చెబుతుంది.

వెనక స్ప్రింగులకు ఎయిర్ బ్యాగులు (గాలి నింపి ఎత్తు పెంచే తిత్తులు) పెట్టి ట్రక్కును సమంగా నిలిపితే చాలని చాలామంది నమ్మకం. ట్రక్కు చూడడానికి సమంగానే ఉంటుంది, ముందు ఇరుసు మాత్రం ఆ 125 కిలోలు లేకుండానే నడుస్తుంది. ఫలానా లింకు దగ్గర గొలుసు తగిలిస్తే సరిపోతుందన్న మాట కూడా ఇలాంటిదే. ఆ లింకు ఎవరి ట్రక్కుకో కుదిరింది, మీ ట్రక్కుకు కుదరాలని లేదు.

కొలవడం కష్టమేమీ కాదు. ప్రయాణానికి సర్దినట్టే సామాను సర్ది, చదునైన నేల మీద ట్రైలర్ తగిలించక మునుపు ట్రక్కు ముందు చక్రం పైనున్న ఫెండర్ అంచు ఎత్తు కొలవండి. తగిలించాక ఒకసారి, బార్లు బిగించాక మరోసారి కొలవండి. పెరిగిన ఎత్తులో ఎంత తగ్గాలో ట్రక్కు మాన్యువల్‌లో ఉంటుంది. కొన్ని కంపెనీలు సగమే తగ్గించమంటాయి. అతిగా బిగిస్తే వెనక ఇరుసు తేలికై, మలుపులో వెనక చక్రాలు జారే ప్రమాదం ఉంది. చాలకపోతే గొలుసు లింకు మార్చండి, లేదా హిచ్ హెడ్ వంపు మార్చండి. గొలుసు ఎక్కించేటప్పుడు టంగ్ జాక్‌తో (ట్రైలర్ ముందు కొసకు ఉండే జాకీ) ట్రైలర్ ముందు భాగాన్నీ ట్రక్కు వెనక భాగాన్నీ కలిపి పైకి లేపితే బార్ల బిగువు తగ్గుతుంది. అలా లేపకుండా, గొలుసును పట్టి ఉంచే బ్రాకెట్‌ను బిగువులో ఉండగానే మీటతో విప్పితే ఆ మీట ఎగిరి చెయ్యి విరగ్గొట్టగలదు. కచ్చితమైన అంకెలు కావాలంటే ట్రక్ స్టాపుల్లోని క్యాట్ స్కేల్ కాటా మీద ఇరుసుల బరువులు విడివిడిగా తెలుస్తాయి.

బార్లు చేయలేని పని ఒకటుంది. ట్రైలర్‌లో సామాను తప్పుగా సర్దితే దాన్ని సరిదిద్దడం వాటి వల్ల కాదు. ఎడ్లబండిలో బరువు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది, అందుకే రైతు ఇరుసుకు కాస్త ముందుగా బరువు పడేలా సర్దుతాడు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం బాల్ మీద పడాలన్న నియమం కూడా ఇందుకే. అంతకన్నా తగ్గితే వేగంలో ట్రైలర్ పక్కలకు ఊగుతుంది. నీళ్ల ట్యాంకు ఇరుసులకు వెనక ఉంటే, అది నిండిన ప్రతిసారీ బాల్ మీది భారం తగ్గుతుంది. ట్యాంకు నింపి బయలుదేరే అలవాటుంటే, నింపాకే కొలవండి.