సింథ్ శుభ్రం చేయడం: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

సింథసైజర్లు (ఎలక్ట్రానిక్‌గా ధ్వనులు పుట్టించే కీబోర్డులు, పొట్టిగా సింథ్‌లు), హోమ్ స్టూడియో సామాను బాగుచేయడం నా పని. వాడి వాడి అరిగిపోయినవి వస్తే మామూలే అనుకుంటాను. బాగున్నదాన్ని శుభ్రం చేయబోయి పాడుచేసుకుని తెచ్చినప్పుడే మనసుకు కష్టంగా ఉంటుంది, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన కథ. వాళ్లెవరూ నిర్లక్ష్యంగా ఉండే మనుషులు కాదు, ప్రాణంగా చూసుకునేవాళ్లే. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: నాబ్ గరగరమంటే డబ్ల్యూడీ-40 కొడితే చాలు.

కొట్టగానే గరగర తగ్గుతుంది, నిజమే, అందుకే ఈ నమ్మకం పోవడం లేదు. కానీ 1953లో వచ్చిన ఆ ద్రవం అసలు పని తేమను తరిమి లోహానికి తుప్పు పట్టకుండా చూడటం, పేరులోని డబ్ల్యూడీకి అర్థం కూడా తేమను తరమడమే. నాబ్ కింద ఉండే పాట్‌లో, అంటే తిప్పినకొద్దీ కరెంటును పెంచి తగ్గించే పొటెన్షియోమీటర్‌లో, కార్బన్ పట్టీనో కండక్టివ్ ప్లాస్టిక్ పట్టీనో ఉంటుంది, దాని మీద చిన్న లోహపు రేకు జారుతూ ఉంటుంది. స్ప్రే వదిలిన జిడ్డు ఆ పట్టీ మీదే ఉండిపోయి దుమ్మును పట్టుకుంటుంది, కొన్నాళ్లకు గరగర ముందుకన్నా ఎక్కువవుతుంది. ఇంకో సంగతి, నాబ్ తిప్పుతుంటే వేళ్లకు తెలిసే ఆ మెత్తని బిగువు లోపలి గ్రీజు వల్ల వస్తుంది. ఘాటైన ద్రావకం పడితే అది కరిగిపోయి నాబ్ లొడలొడలాడుతుంది, అప్పుడు పాట్ మార్చడం తప్ప దారి ఉండదు.

ముందు కరెంటు ఆపి నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై ముప్పై సార్లు తిప్పండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి, ఎందుకంటే పైన పట్టిన పొర ఆ రాపిడికే పోతుంది. అప్పటికీ వినిపిస్తే ప్లాస్టిక్‌కు హాని చేయని కాంటాక్ట్ క్లీనర్ తెచ్చుకోండి, ఫేడర్లకైతే (పైకీ కిందకీ జరిపే మీటలకు) కందెన కలిసిన రకం. దాన్ని ప్యానెల్ పైనుంచి కొడితే లోపలికి చేరదు, మూత తెరిచి పాట్ ఒంటికి ఉన్న సందులో ఒక్క చిన్న చుక్క వేసి, తిప్పి, పూర్తిగా ఆరాకే ఆన్ చేయాలి.

అపోహ: ఒక కీ మెల్లగా నొక్కినా గట్టిగా మోగుతోందంటే లోపలి సర్క్యూట్ బోర్డు పోయినట్టే.

ఈ మాట నమ్మి మంచి కీబోర్డులను అటక ఎక్కించినవాళ్లు ఉన్నారు. మామూలుగా ప్రతి కీ కింద రెండు కాంటాక్టులు ఉంటాయి. ఒకటి ముందు తగులుతుంది, రెండోది తర్వాత తగులుతుంది, ఆ మధ్య గడిచిన సమయాన్ని బట్టే మీరు ఎంత గట్టిగా కొట్టారో మెషీన్ లెక్కేస్తుంది. మొదటిది మురికి పట్టి ఆలస్యంగా అందితే ఆ సమయం తగ్గిపోతుంది, మెషీన్ మాత్రం మీరు బలంగా కొట్టారనుకుంటుంది. రెండోది అందకపోతే కీ అసలు మోగదు.

ఈమధ్య ఒకటి వచ్చింది, బోర్డు మార్చాలని వేరేచోట చెప్పారట. కీలు తీసి రబ్బరు పట్టీ ఎత్తి చూస్తే నల్లటి కార్బన్ బొట్టుకు అడ్డంగా ఒక పిల్లి వెంట్రుక, అంతే. దాన్ని తీసేసి, బోర్డు వైపు ఆ బొట్టు తగిలే కాంటాక్టులను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదిపుల్లతో తుడిచాను. కార్బన్ బొట్టును మాత్రం పీచు రాలని పొడిగుడ్డతో అద్దాను, రుద్దితే అది అరిగిపోతుంది. మీరే విప్పుతుంటే అడుగడుగునా ఫొటో తీసుకోండి, తిరిగి బిగించేటప్పుడు టెన్షన్ ఉండదు.

అపోహ: ఆల్కహాల్ వేటికైనా వాడొచ్చు.

లోపలి లోహపు కాంటాక్టుల వరకూ సరే. బయట వాడితే ప్యానెల్ మీది అక్షరాలు చెరిగిపోవచ్చు, యాక్రిలిక్ డిస్‌ప్లేకు సన్నని పగుళ్లు రావచ్చు. బయటకు గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డ చాలు. కీల మీద లోపలి నుంచి మీ వైపుకు తుడవండి, అలా అయితే తడి సందుల్లోకి దిగదు. ఏ ద్రవమైనా గుడ్డ మీదే, సామాను మీద నేరుగా వద్దు.

అపోహ: వాడకుండా కప్పిపెడితే కొత్తదానిలా ఉంటుంది.

ఉండదు. పాత సింథ్‌లలో చాలావాటికి మీరు చేసుకున్న ధ్వనులను కాపాడేది లోపలున్న బ్యాటరీయే. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7లో సీఆర్2032 రకం బ్యాటరీని బోర్డుకే టంకం పెట్టి ఉంచారు. అది అయిపోతే ధ్వనులన్నీ పోతాయి, కాబట్టి మార్చే ముందు సిస్‌ఎక్స్ ద్వారా (సింథ్‌లోని సమాచారాన్ని మిడి కేబుల్ మీదుగా పంపే పద్ధతి) కంప్యూటర్‌లోకి బ్యాకప్ తీసుకోవాలి. 1981 నాటి కోర్గ్ పాలీసిక్స్‌ది ఇంకో బాధ, అందులోని నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి చుట్టూ ఉన్న రాగి గీతలను తినేస్తుంది. అలాంటి పాత మెషీన్ కొంటే వాయించడం తర్వాత, ముందు మూత తెరిచి బ్యాటరీ చుట్టూ ఆకుపచ్చటి, తెల్లటి పొక్కు ఉందేమో చూడండి. ఇది నేను బతిమాలి చెప్పే మాట.

నెలకోసారైనా ఆన్ చేసి అరగంట ఉంచండి, ప్రతి నాబూ ఫేడరూ కదపండి. కప్పడానికి నేత గుడ్డ మంచిది, పాలిథిన్ కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది.

"పాతది కదా, కెపాసిటర్లన్నీ మార్చేయండి" అని అడిగేవాళ్లకు కూడా ఒక మాట. కెపాసిటర్లంటే కరెంటును కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగాలు. హమ్ (స్పీకర్‌లో ఆగకుండా వచ్చే గుయ్‌మనే మోత) లేకపోతే, పవర్ సప్లై వోల్టేజీలు సరిగ్గా ఉంటే వాటి జోలికి వెళ్లకండి. అనవసరంగా టంకం కరిగిస్తే బోర్డు మీది రాగి లేచిపోతుంది, అది కెపాసిటర్ కన్నా పెద్ద తలనొప్పి.

స్పీకర్ ట్వీటర్ల (సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్ల) మీద దుమ్మును మెత్తని బ్రష్‌తో తప్ప ముట్టుకోవద్దు. కండెన్సర్ మైక్ (స్టూడియోలో వాడే సున్నితమైన మైక్) క్యాప్సూల్‌ను, అంటే శబ్దాన్ని పట్టే లోపలి భాగాన్ని, అసలు తుడవద్దు, నోటితో ఊదనూ వద్దు, దాని పొర కొన్ని మైక్రాన్ల మందమే ఉంటుంది, ఊదితే నోటి తడి దాని మీద పడుతుంది. డబ్బాలోని గాలి వాడితే డబ్బాను నిటారుగా పట్టుకోండి, వంచితే చల్లటి ద్రవం చిమ్ముతుంది.

ఒక్క విషయంలో మాత్రం ధైర్యం చేయకండి. ప్లగ్ తీసేశాక కూడా పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు మిగిలి ఉండొచ్చు. మూత తీయగానే కవర్ లేని పవర్ సప్లై కనిపిస్తే, అక్కడితో ఆపి మూత పెట్టేసి తెలిసినవాళ్ల చేతికి ఇవ్వండి.