ఇస్తాంబుల్‌లో కోడిగుడ్డు టిఫిను ఎక్కడ తినాలి: అపోహలు – వాస్తవాలు

తెలుగు ప్రయాణికుల బృందాలకు ఇస్తాంబుల్‌ను చూపించడం నా వృత్తి. అయా సోఫియాకు ఎన్ని గంటలకు వెళ్తామని అడిగేవారి కంటే, మర్నాడు పొద్దున టిఫిను ఎక్కడని అడిగేవారే ఎప్పుడూ ఎక్కువ. వీడియోలు చూసి వచ్చినవారి మనసులో అప్పటికే ఒక దృశ్యం స్థిరపడి ఉంటుంది: నీటి ఒడ్డున బల్ల, దాని నిండా చిన్న చిన్న పళ్లాలు, మధ్యలో పెరుగు మీద తేలుతున్న గుడ్లు. ఈ మూడూ ఈ నగరంలో ఉన్నవే. అయితే మూడూ ఒకేచోట దొరకడం అరుదు, దొరికినచోట గుడ్డు రుచిగా ఉండడం మరీ అరుదు.

అపోహ: టర్కీవారి గుడ్ల టిఫిను అంటే చిల్బిర్.

వెల్లుల్లి కలిపిన పెరుగు మీద, పెంకు లేకుండా నీటిలో ఉడికించిన గుడ్లు పెట్టి, ఎర్రమిరప పలుకులు వేసి కాచిన వెన్నను పైన పోస్తే అది చిల్బిర్. ఒట్టోమన్ కాలం నుంచి ఉన్న వంటకమే కానీ, ‘టర్కిష్ ఎగ్స్’ అన్న పేరుతో దాన్ని ప్రపంచానికి పరిచయం చేసింది ప్రధానంగా లండన్ వంటి నగరాల కెఫేలు. ఇస్తాంబుల్‌లోని పాతకాలపు టిఫిను దుకాణంలో చిల్బిర్ అడిగితే, లేదన్న సమాధానమే ఎక్కువసార్లు వింటారు, ఎందుకంటే ఇక్కడి ఇళ్లలో అది ఏ పూటైనా చేసుకునే తేలికపాటి భోజనం. తప్పక తినాలనుకుంటే జిహాంగీర్, మోదా పేటల్లోని కొత్త తరహా కెఫేల్లో వెతకండి. టిఫిను దుకాణాల్లో వేడివేడిగా బల్ల మీదికి వచ్చేవి మెనెమెన్, సహన్ అనే రెండు చెవుల పెనంలో వేయించిన గుడ్లు, సుజుక్ అనే సాసేజి ముక్కలతో చేసిన గుడ్లు.

అపోహ: మెనెమెన్, షక్షుకా ఒకటే; రెండూ మన టమాటా గుడ్డు పొరటే.

టర్కీలో షక్షుకా అంటే వేయించిన వంకాయ ముక్కల మీద టమాటా గుజ్జు వేసి చల్లగా వడ్డించే పదార్థం. అందులో గుడ్డే ఉండదు. గుడ్డు ఉంటుందనుకుని దాన్ని తెప్పించుకుని, వచ్చిన పళ్లెం కేసి తెల్లబోయి చూసినవారు నా బృందాల్లోనే ముగ్గురు నలుగురు ఉన్నారు.

మెనెమెన్‌కు ఇజ్మీర్ దగ్గరున్న మెనెమెన్ పట్టణం పేరే వచ్చింది. మన పొరటుకు దగ్గరి చుట్టమే కానీ, అసలు తేడా నీటి దగ్గర ఉంది. మనం కూర పొడిపొడిగా విడిపోయేదాకా వేపుతాం, మెనెమెన్‌ను మాత్రం గుడ్ల తడి ఆరకముందే దించుతారు. బెషిక్తాష్ పేటలో ఒక వంటవాడు చేస్తుంటే పొయ్యి పక్కనే నిలబడి చూశాను. సన్నని పచ్చ మిరపకాయలను చక్రాలుగా కోసి వెన్నలో మెత్తబడనిచ్చాడు. అవి మన పచ్చిమిర్చిలా మండవు, వాసన మాత్రం నిండుగా వస్తుంది. ఆపై తురిమిన టమాటా వేసి, దాని నీరంతా ఇగిరి అంచుల్లో నూనె తేలేదాకా గుడ్ల జోలికే పోలేదు. చివరకు గుడ్లు కొట్టి పోసి, చెక్క గరిటెతో రెండు మూడు సార్లు మాత్రమే తిప్పి, తెల్లసొన ఇంకా మెరుస్తుండగానే పొయ్యి మీద నుంచి తీసేశాడు. బల్ల దగ్గరికి చేరేలోపు మిగిలిన పనంతా పెనం వేడే చేసింది. టమాటా నీరు ఇగరకముందే గుడ్లు పోసేచోట మీకు వచ్చేది మెనెమెన్ కాదు, గుడ్డు చారు. చలికాలంలో టమాటా రుచి తగ్గుతుంది కాబట్టి, వేసవి చివర్లో సీసాల్లో నిలవ చేసుకున్న టమాటా, మిరపకాయల గుజ్జును వాడే దుకాణాలే అప్పుడు నయం.

ఉల్లిపాయ వేయాలా వద్దా అన్న వాదం ఇక్కడ తరతరాలుగా తెగలేదు. భోజన విమర్శకుడు వేదాత్ మిలోర్ 2018లో ట్విటర్‌లో ఈ ప్రశ్న వేస్తే 4 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, ఉల్లిపాయ పక్షం 51 శాతంతో గట్టెక్కింది. నా ఓటు ఉల్లిపాయ లేనిదానికే.

మెనెమెన్ ఒక్కటే లక్ష్యమైతే ఇస్తిక్లాల్ వీధి పక్క సందులో ఉన్న లాదెస్‌కు వెళ్లండి. హంగేమీ లేని గది, పెనంతో సహా వడ్డన, పక్కన బుట్టెడు రొట్టె. చెంచా కోసం చూడకుండా రొట్టె తుంచి నేరుగా పెనంలో అద్దుకుని తినడమే ఇక్కడి పద్ధతి.

అపోహ: పళ్లాలు ఎన్ని ఎక్కువైతే అంత సంప్రదాయం.

బల్లంతా పరిచే టిఫినును ఇక్కడ ‘సెర్ప్మె కహ్వాల్తి’ అంటారు, అంటే పరిచి పెట్టిన టిఫిను అని. దీని ప్రతిష్ఠ చాలావరకు తూర్పున ఉన్న వాన్ నగరానిది. 2014లో అక్కడ 51,793 మంది కలిసి టిఫిను తిని గిన్నిస్ రికార్డు సాధించారు. అడవి ఆకులు కలిపిన జున్ను, పిండిని వెన్నలో వేపి గుడ్లు కలిపి చేసే ముర్తుగా వంటివి వాన్ బల్ల ప్రత్యేకతలు. ఇస్తాంబుల్‌లో వాటి రుచి చూడాలంటే జిహాంగీర్‌లోని వాన్ కహ్వాల్తి ఎవి మంచి చోటు, ముర్తుగాను మాత్రం విడిగా అడగండి.

అయితే పళ్లాల సంఖ్యకూ గుడ్డు నాణ్యతకూ సంబంధం లేదు. ఒకసారి పన్నెండు మందితో వెళ్లిన ఒక దుకాణంలో, ధర తలకు లెక్కగడతారన్న సంగతి ముందే స్పష్టం చేసుకోక, అందరికీ సెర్ప్మె తెప్పించాను. నాలుగు రకాల జామ్‌లు, ఎవరూ ముట్టని ఆలివ్‌లు బల్ల మీదే మిగిలిపోగా, ఇద్దరికొకటి చొప్పున వచ్చిన గుడ్ల పెనాలు ఐదు నిమిషాల్లో ఖాళీ అయ్యాయి. అప్పటి నుంచి నలుగురికి రెండు సెర్ప్మెలు చాలునా అని ముందు అడుగుతాను. ఒప్పుకోని చోట మెనెమెన్, జున్ను పళ్లెం, మీగడ-తేనె విడివిడిగా చెప్తాను. ధరల పట్టికను గుమ్మం దగ్గరే పెట్టాలన్న నిబంధన 2024 జనవరి నుంచి అమల్లో ఉంది కనుక, కూర్చోకముందే చదువుకోవచ్చు.

అపోహ: నీటి ఒడ్డున తింటేనే అసలైన అనుభవం.

ఒడ్డున తింటే ధరలో కొంత ఆ దృశ్యానికి పోతుంది. అందులో తప్పు లేదు, రుమేలి హిసారి కోట కింద బాస్ఫరస్ పక్కన కూర్చోవడం నాకూ ఇష్టమే, కాకపోతే ఆదివారం పదింటి తర్వాత అక్కడ కుర్చీ దొరకదు. సుల్తానహ్మెత్ మిద్దె హోటళ్ల టిఫినులో మసీదు గోపురాలు బాగా కనిపిస్తాయి గానీ, బఫేలో ముందే చేసి పెట్టిన గుడ్లు రబ్బరులా సాగుతాయి. గుడ్డు కోసమే అయితే బెషిక్తాష్ బజారు దగ్గర, టిఫిను దుకాణాలు బారులు తీరిన వీధికి వెళ్లండి. అక్కడి చక్మక్ అనే దుకాణంలో కూర్చున్నవారిలో ఎక్కువమంది విద్యార్థులు.

నీరూ కావాలి, జేబూ కాపాడుకోవాలి అంటే ఆసియా ఒడ్డున చెంగెల్‌కోయ్‌కు వెళ్లండి. అక్కడి పాత చినార చెట్టు కింది టీ తోటలో, పక్క దుకాణంలో కొన్న బోరెక్ (పలుచని పిండి పొరల మధ్య కూరిక పెట్టి కాల్చినది) తెచ్చుకుని తినవచ్చు. వారి దగ్గర టీ తాగితే చాలు.

అపోహ: గుడ్డు వంటకం కదా, మాంసం ఉండదు.

ఇది మనవారు తప్పక తెలుసుకోవాల్సిన విషయం. సుజుక్, పస్తిర్మా అనే ఎండబెట్టిన మాంసం రెండూ సాధారణంగా గొడ్డు మాంసంతోనే చేస్తారు. పస్తిర్మాకు పట్టించే మెంతిపిండి, వెల్లుల్లి ముద్ద వాసన మన ఊరగాయను గుర్తుచేస్తుంది కాబట్టి, అదేమిటో అడగకుండానే నోట్లో పెట్టుకునేవారుంటారు. మెనెమెన్‌లో ‘కరిషిక్’ అని ఉంటే సుజుక్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. ‘సాదె’ అనండి, ‘ఎత్‌సిజ్’ అని కూడా చేర్చండి. మాంసం లేకుండా అని అర్థం. ఉడికించిన గుడ్డు చెప్పేటప్పుడు పచ్చసొన కారేలా ఉంటే రఫదాన్, గట్టిగా ఉంటే కతి, ఆ రెండింటి మధ్యది కయసి. కయసి అంటే ఆప్రికాట్ పండు. సరిగ్గా ఆ పండు గుజ్జులా ఉంటుంది పచ్చసొన.

అపోహ: టర్కీలో టిఫినుతో టర్కిష్ కాఫీ తాగాలి.

కహ్వాల్తి అన్న మాటే ‘కాఫీకి ముందు తినేది’ అన్న అర్థంలో పుట్టింది. గుడ్లతో తాగేది నడుము సన్నని గాజు గ్లాసులో వచ్చే పాలులేని టీ, కాఫీ మాత్రం బల్ల మీద పళ్లాలు తీసేశాకే. సెర్ప్మెలో టీ ఎన్ని గ్లాసులైనా ధరలోనే కలిసి ఉండడం మామూలే, విడిగా తింటే గ్లాసుకింత. మీరు వద్దన్నా వినిపించనంత హడావుడి ఉంటే, చెంచాను గ్లాసు మూతి మీద అడ్డంగా పెట్టండి. ఇక పోయరు.