నీళ్లు మరగకముందే: ఆసియా వంటల గురించి పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న మీరు ఫోనులో అడిగిన ప్రశ్నకు నేను సరైన సమాధానం చెప్పలేదు. "హోటల్లో తిన్న రామెన్ రుచి ఇంట్లో ఎంత ప్రయత్నించినా ఎందుకు రావడం లేదు తాతయ్యా?" అని మీరు అడిగితే, "వాళ్ల పొయ్యి మంట వేరు, మన పొయ్యి మంట వేరు" అని తేల్చేశాను. ఆ మాట వేపుడన్నానికి చెల్లుతుంది గానీ, వేడి రసంలో నూడుల్స్ వేసి ఇచ్చే జపాను రామెన్‌కు చెల్లదు. ఆ పొరపాటు దిద్దుకుందామని కూర్చుంటే ఉత్తరం ఇంత పొడుగైంది. తీరికగా చదవండి.

జపాను, కొరియా, చైనా, థాయిలాండ్, వియత్నాం వంటలన్నిటినీ కలిపి 'ఆసియా తిండి' అని ఒకే మూట కట్టడం నాకు అంతగా నచ్చదు. జపాను వంట పల్చని సూప్ మీద నిలబడుతుంది. కొరియా వంట పులియబెట్టిన సోయా ముద్దల మీదా, కిమ్చీ అనే పులియబెట్టిన కూరగాయల మీదా నిలబడుతుంది. థాయిలాండ్, వియత్నాం వంటలు చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన చేపల సాస్ లేకపోతే అడుగు వేయవు. ఈ తేడా తెలియక నేను చాలాకాలం ఒక్క సోయా సాస్ సీసా కొనుక్కుని అన్నిటిలోనూ అదే పోసి, అన్నీ ఒకే రుచి వస్తున్నాయేమిటని ఆశ్చర్యపోయేవాణ్ణి. ఈ వంటలను ఇంట్లో వండుతూ బయట కూడా తింటూ ఉంటేనే అవి బోధపడతాయని నా నమ్మకం. బయట తిన్నప్పుడు నాలుకకు తగిలినదేమిటో ఇంట్లో వండినప్పుడు అర్థమవుతుంది. ఇంట్లో ఎక్కడ తప్పామో మళ్లీ బయట తిన్నప్పుడు తెలుస్తుంది.

ముందుగా సూప్ సంగతి చెబుతాను. జపాను వంటలో అనేక సూప్‌లకూ, ఉడికించిన కూరలకూ ఆధారమైన రసాన్ని 'దాషి' అంటారు. దీనికి కావలసినవి రెండే: కొంబు అనే ఎండిన సముద్రపు నాచు, కత్సువోబుషి అనే చేప తురుము. చేపను ఉడికించి, పొగపట్టి, కొయ్యముక్కంత గట్టిగా అయ్యేదాకా ఎండబెట్టి, కాగితంకన్నా పల్చగా చెక్కితే వచ్చేదే ఆ తురుము. లీటరు నీటిలో సుమారు 10 గ్రాముల కొంబు ముక్కను అరగంట నాననిచ్చి, సన్నని సెగ మీద పెట్టి, గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు అంటుకుని కనిపించగానే, అంటే నీళ్లు మరగకముందే, ముక్కను బయటికి తీయాలి. ఆ తరవాత నీటిని ఒక్క పొంగు రానిచ్చి, పొయ్యి ఆర్పి, రెండు గుప్పెళ్ల చేప తురుము చల్లితే అది మొదట తేలి, ఒకటి రెండు నిమిషాల్లో నెమ్మదిగా మునుగుతుంది. అప్పుడు పల్చని గుడ్డలో వడకట్టాలి, కానీ గుడ్డను పిండకూడదు. లేత గడ్డిరంగులో, అడుగు కనిపించేటంత తేటగా ఉండే ఆ రసానికి పది నిమిషాలకు మించి పొయ్యి పని లేదు.

నేను మొదటిసారి చేసినప్పుడు, ఎంత మరిగిస్తే అంత సారం దిగుతుందని అనుకుని కొంబును పావుగంట తెర్లించాను. గిన్నెలో మిగిలినది జిగటగా, చేదుగా, నాచు వాసన వేసే నీళ్లు. దాన్ని పారబోసి, చేసినది తప్పని ఒప్పుకోవడానికి కూడా నాకు కొంత సమయం పట్టింది, ఎందుకంటే నేను చదివిన పుస్తకంలో 'మరగకముందే' అన్న మాట స్పష్టంగానే ఉంది.

ఈ కొంబు రసంలో ఉన్న రుచి ఏమిటన్న ప్రశ్నే ఒక శాస్త్రవేత్తను పట్టుకుంది. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం బోధించే కికునాయే ఇకెడా, అది తీపి, పులుపు, ఉప్పు, చేదు అనే నాలుగింటిలోనూ ఒదగదని గమనించి, 1908లో కొంబు నుంచి గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరుచేసి, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టారు. ఆయన శిష్యుడు షింతారో కొడామా 1913లో చేప తురుములో ఇనోసినేట్ అనే మరొక పదార్థాన్ని కనుగొన్నారు. ఈ రెండూ కలిస్తే రుచి కూడికలా పెరగదు, హెచ్చవేతలా పెరుగుతుంది. అందుకే కొంబు ఒక్కదానితో చేసిన రసం, చేప తురుము కూడా కలిపిన రసం పక్కపక్కన పెట్టుకుని తాగితే, రెండో దానిలో ఎవరో ఉప్పు ఎక్కువ వేశారేమో అనిపిస్తుంది. శాకాహారులు చేపకు బదులు ఎండిన షిటాకె పుట్టగొడుగులను చల్లటి నీటిలో నానబెట్టి ఆ నీటిని వాడవచ్చు. వాటిలో ఉండే గ్వానిలేట్ కూడా గ్లుటమేట్‌తో కలిసి అదే పని చేస్తుంది.

ఇకెడా కనుగొన్న గ్లుటమేట్‌నే ఉప్పు రూపంలో 1909 నుంచి అజినొమోటో పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన ఒక ఉత్తరం వల్ల, చైనా హోటళ్లలో తింటే తలనొప్పి, తిమ్మిరి వస్తాయనీ, దానికి కారణం ఈ పొడేననీ లోకమంతా ప్రచారం జరిగింది. ఆ తరవాత చేసిన పరీక్షల్లో, మామూలుగా భోజనంలో తినే మోతాదుకు ఆ లక్షణాలు వస్తాయని నిలకడగా రుజువు కాలేదు. టమాటాల్లోనూ, పాతబడిన చీజ్‌లోనూ ఉన్నది ఇదే పదార్థం. అయినా నేను వంటలో వేయను. భయం వల్ల కాదు, అది చేతికి అందుబాటులో ఉంటే రసం కాచుకునే ఓపిక పోతుందని.

ఇప్పుడు మీ రామెన్ దగ్గరికి వస్తాను. అందులో ఇంట్లో దొరకనివి రెండు. మొదటిది ఎముకల రసం. తోంకొత్సు అనే రకానికి పంది ఎముకలను పది పన్నెండు గంటల పాటు, దాషికి పూర్తి విరుద్ధంగా, కళపెళా మరిగించి పాలలా తెల్లగా చేస్తారు. రెండోది నూడుల్స్. రామెన్ నూడుల్స్ పిండిలో కాన్‌సుయి అనే క్షారపు నీరు కలుపుతారు. అందువల్లే వాటికి ఆ లేత పసుపు రంగూ, పంటికింద సాగి తెగే గుణమూ వస్తాయి. మీరు వాడిన మామూలు గోధుమ నూడుల్స్‌కు ఆ గుణం ఉండదు. ఉడికించే నీటిలో కొద్దిగా వంట సోడా వేసి చూడండి, కొంతవరకు దగ్గరికి వస్తుంది. కొంతవరకే. అందుకే రామెన్‌ను నేను బయట తింటాను, దాషిలో మీసో అనే పులియబెట్టిన సోయా ముద్ద కలిపి చేసే మీసో సూప్‌ను ఇంట్లో చేసుకుంటాను. మీసో ముద్దను పొయ్యి ఆర్పిన తరవాతే కలపాలి, మరిగితే దాని సువాసన పోతుంది.

వేపుడన్నానికి మాత్రం నిజంగానే మంట కావాలి, కానీ మంట తక్కువైనా తప్పించుకునే దారులున్నాయి. వేడివేడి అన్నంతో చేస్తే ముద్దవుతుంది. చల్లారిన అన్నంలో గంజి పదార్థం బిగుసుకుని, మెతుకుల పైపైన తేమ ఆరిపోతుంది కనుక మెతుకు మెతుకు విడిపోతుంది. అందుకే ముందు రోజు అన్నమే దానికి తగినది. అయితే ఒక జాగ్రత్త ఉంది. ఉడికిన అన్నంలో కూడా బ్రతికే బ్యాక్టీరియా బీజాలు కొన్ని ఉంటాయి. అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అవి పెరిగి విషాన్ని విడుదల చేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. వండిన గంటలోపు వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి.

వండేటప్పుడు ఇద్దరికి సరిపడేదానికన్నా ఎక్కువ ఒకేసారి బాణలిలో వేయవద్దు. చైనా వంటశాలల్లో బాణలి కింద ఎగసే మంట ఇంటి పొయ్యికన్నా ఎన్నో రెట్లు బలమైనది. మనం నిండా వేస్తే బాణలి చల్లబడిపోయి, అన్నం వేగడానికి బదులు తన ఆవిరిలో తానే ఉడుకుతుంది. ఖాళీ బాణలిని సన్నగా పొగ లేచేదాకా కాచి, నూనె తిప్పి, గుడ్డు కొట్టి వేసి, అది సగం గట్టిపడగానే అన్నం వేసి గరిటె వెనకతో ముద్దలు చిదపాలి. సోయా సాస్‌ను అన్నం మీద పోయకుండా బాణలి అంచు వెంట ఒక చెంచాడు జారవిడవండి. చుయ్‌మని ఒక్క క్షణంలో అది మాడీ మాడనట్టు కమురుతుంది. హోటలు వేపుడన్నంలో మీకు తగిలే ఆ పొగ వాసనలో కొంత భాగం అదే. కాంటన్ భాషలో దాన్ని వొక్ హే, అంటే బాణలి ఊపిరి అంటారు.

హోటల్లో తినే విషయానికి వస్తే, మీరు పెద్ద హోటళ్లకన్నా నాలుగైదు బల్లలున్న చిన్న చోట్లను ఎంచుకోండి. నాలుగు దేశాల వంటలు ఇరవై పేజీల్లో అచ్చువేసిన చోటకన్నా, పది వంటకాలే చేసే చోట వండేవారికి తమ పని బాగా తెలిసి ఉంటుంది. వంట కనిపించే చోటు దొరికితే అక్కడ కూర్చోండి, నాకు వేపుడన్నం అంచు కిటుకు అలాగే దొరికింది.

గిన్నె ముందుకు రాగానే ఏదీ కలపకుండా మొదటి చెంచా తాగాలి. థాయిలాండ్ నూడుల్స్ అంగళ్లలో బల్ల మీద నాలుగు చిన్న పాత్రలు ఉంటాయి: చేపల సాస్, చక్కెర, ఎండుమిరప పొడి, మిరపకాయలు ఊరిన వెనిగర్. ఉప్పు, తీపి, కారం, పులుపు అన్నమాట. వండినవారు మూడు వంతుల పని చేసి, చివరి వంతు తినేవారికి వదిలిపెడతారు. వియత్నాంలో ఫో అనే నూడుల్స్ సూప్ విషయంలో ఇదే పద్ధతి ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఉత్తరాన హనోయి వైపు పుట్టిన ఫో నిరాడంబరమైనది. 1954లో దేశం రెండుగా విడిపోయినప్పుడు లక్షల మంది దక్షిణానికి తరలివెళ్లి దాన్ని తమతో తీసుకువెళ్లారు, అక్కడ దానికి తులసి జాతి ఆకులు, మొలకలు, నిమ్మ ముక్కలు, తియ్యని సాస్ తోడయ్యాయి. మీ ముందు ఆకుల పళ్లెం పెట్టారంటే అది దక్షిణాది పద్ధతి. ఆకులన్నీ ఒకేసారి తుంచి వేయకండి, రసం చల్లబడిపోతుంది.

చాప్‌స్టిక్స్ అనే పుల్లలతో తినడం గురించి నేను సిగ్గుపడ్డ సంగతి ఒకటి చెప్పాలి. ఒక చిన్న జపాను భోజనశాలలో మాటల్లో పడి, నా పుల్లలను అన్నం గిన్నెలో నిలువుగా గుచ్చి నీళ్ల గ్లాసు అందుకున్నాను. వడ్డిస్తున్న పెద్దావిడ ఏమీ అనకుండా వచ్చి, పుల్లలను తీసి, పక్కనున్న చిన్న ఆనుడు మీద అడ్డంగా పెట్టి వెళ్లిపోయింది. అలా గుచ్చడం అక్కడ చనిపోయినవారి ముందు అన్నం ఉంచే పద్ధతి అని నాకు తరవాత తెలిసింది. ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు తినుబండారం అందించడం కూడా అంతే; దహనం తరవాత అస్థికలను అలా అందుకుంటారు. జపానులో గిన్నె చేతిలోకి ఎత్తుకుని తినడం మర్యాద, కొరియాలో గిన్నెను బల్ల మీదే ఉంచి అన్నాన్ని చెంచాతో తినడం మర్యాద. థాయిలాండ్‌లో అన్నానికి చెంచా, ఫోర్కు వాడతారు, పుల్లలు నూడుల్స్‌కే. అక్కడ పుల్లలు అడిగి తీసుకుని అన్నం ఏరుకుంటూ తినేవారిని చూస్తే నాకు నవ్వొస్తుంది.

మీలో మాంసం, చేప తిననివారు ఉన్నారు కనుక ఒక మాట. 'కూరగాయల వంటకం' అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. మీసో సూప్‌లో చేప తురుము రసం, కిమ్చీలో చేపల సాస్ లేదా ఉప్పు రొయ్యలు, ఆకుకూర వేపుడులో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్, థాయి కూర ముద్దల్లో రొయ్యల ముద్ద సాధారణంగా ఉంటాయి. విడివిడిగా పేరు పెట్టి అడగండి. గోధుమ పడనివారు సోయా సాస్ గురించి కూడా అడగాలి, ఎందుకంటే మామూలు సోయా సాస్‌ను సోయాతో పాటు గోధుమ కలిపే పులియబెడతారు.

పొట్లంలో వచ్చే నూడుల్స్ తింటే తాతయ్య కోప్పడతాడని మీరు దాచిపెట్టనక్కరలేదు. నూనెలో వేయించి ఆరబెట్టిన ఆ నూడుల్స్‌ను మొమొఫుకు ఆండో 1958లో ఒసాకా ప్రాంతంలో తయారుచేశారు. సుషీ పళ్లేలు పట్టీ మీద తిరుగుతూ వచ్చే మొదటి భోజనశాలను యోషియాకి షిరాయిషి అదే సంవత్సరం అదే ప్రాంతంలో తెరిచారు. బీరు సీసాలు పట్టీ మీద కదిలిపోవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. తక్కువ ఖర్చుతో ఎక్కువ మందికి తిండి అందించిన ఆ ఇద్దరి మీద నాకు గౌరవమే ఉంది. కాకపోతే పొట్లంలోని మసాలా పొడి సగమే వేసి, మిగిలిన సగానికి బదులు మీ దాషి పోసి చూడండి.

ఈ శనివారం రాత్రి కొంబు ముక్కను లీటరు నీటిలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆదివారం పొద్దున పైన చెప్పినట్టు కాచి, ఉప్పు వేయకముందు ఒక చెంచా, చిటికెడు ఉప్పు వేసిన తరవాత ఒక చెంచా తాగి, మీకు ఏం తేడా కనిపించిందో నాకు రాయండి. జిగట వచ్చినా సరే, అదీ రాయండి.

మీ
తాతయ్య